సవరణ: కోటొపాక్సి ఎత్తులో టైరు గాలి తగ్గదు

ఈక్వడార్‌లోని కోటొపాక్సి అగ్నిపర్వతం మీద సైకిల్‌తో దిగడం గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో, ఎత్తుకు వెళ్లే కొద్దీ టైరులో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి కిందే కాస్త ఎక్కువ గాలి కొట్టుకోవాలని చెప్పాను. అది తప్పు.

జరిగేది దానికి విరుద్ధం. టైరులోని గాలి అలాగే ఉంటుంది, బయటి వాతావరణ పీడనం పడిపోతుంది. గేజి చూపేది ఆ రెండింటి తేడానే కాబట్టి రీడింగు పెరుగుతుంది. సముద్రమట్టం దగ్గర గాలి కొట్టి, దిగడం మొదలయ్యే సుమారు 4,600 మీటర్ల ఎత్తుకు చేరితే దాదాపు 6 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది. సుమారు 2,850 మీటర్ల ఎత్తున ఉన్న క్విటో నుంచి బయలుదేరితే పెరిగేది 2 పీఎస్‌ఐ మాత్రమే. పైన ఉష్ణోగ్రత 15 డిగ్రీలు తక్కువగా ఉంటే, చలికి టైరులో ఒత్తిడి తగ్గి ఆ కాస్త పెరుగుదల దాదాపు రద్దవుతుంది. ఇది పాఠ్యపుస్తకాల్లోని వాయు నియమాలతో, ప్రామాణిక వాతావరణ పట్టికలతో సరిచూసిన లెక్క.

పాత సలహా పాటిస్తే ప్రమాదమే. వదులు బూడిద, గులకల మీద గట్టి టైరు పట్టు నిలుపుకోలేదు, ముందు చక్రం మలుపుల్లో జారిపోతుంది. పైకి చేరాక, దిగే ముందు గేజితో చూసుకుని అవసరమైతే గాలి తీయండి. టైరు మరీ మెత్తబడితే రాళ్లకు రిమ్ము దెబ్బతింటుంది, అదీ గమనించండి.

ఇంకొకటి: కోటొపాక్సి (5,897 మీటర్లు) ప్రపంచంలోకెల్లా ఎత్తైన అగ్నిపర్వతం కాదు. ఆ స్థానం చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని ఓహోస్ దెల్ సలాదోది.