బరో చూపించిన చుట్టాలు

అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేదికల మీద ఎవరో ఒకరు ఏటా చెప్పే మాటలు రెండున్నాయి. ఒకటి, తెలుగు సంస్కృతంలోంచి పుట్టింది. రెండోది, తెలుగంత పాత భాష లోకంలో ఇంకోటి లేదు. రెండింటికీ చప్పట్లు ఒకేలా పడతాయి. ఒకదానితో ఒకటి పొసగవన్న సంగతి అలా ఉంచండి, విడివిడిగా చూసినా రెండూ నిలవవు. ఈ విషయంలో మనం వినాల్సిన మనిషి, ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతం చెప్పిన భాషా పండితుడు టామస్ బరో.

బరో 1909లో ఇంగ్లండులోని లాంకషైర్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివారు. ఆయన మొదటి పెద్ద పని మధ్య ఆసియా ఎడారిలో పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టైన్ తవ్వి తీసిన, ఖరోష్ఠి అనే పాత లిపిలోని రాతల మీద. చెక్క పలకల మీద ఒంటెల తగాదాలూ, భూముల అమ్మకాలూ రాసిపెట్టిన ఆ ప్రాకృతం గుట్టు విప్పుతూ 1937లో పుస్తకం వేశారు. 1944 నుంచి 1976 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో బోడెన్ సంస్కృత పీఠం, అంటే ఆ పేరుతో ఉన్న ప్రొఫెసర్ పదవి, ఆయనదే. భారతీయుల్ని క్రైస్తవంలోకి తేవడానికి సంస్కృతం పనికొస్తుందని కల్నల్ బోడెన్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి రాసిచ్చిన సొమ్ముతో పెట్టిన పీఠం అది. అలాంటి కుర్చీలో కూర్చున్నాయన చివరికి బస్తర్ అడవుల్లో నోటుబుక్కు పట్టుకుని తిరిగారు. బోడెన్ దొర ఊహించి ఉండడు.

1955లో వచ్చిన ఆయన 'ది సాంస్క్రిట్ లాంగ్వేజ్' సంస్కృతాన్ని గ్రీకు, లాటిన్ వగైరా ఇండో-యూరోపియన్ భాషల పక్కన పెట్టి చూపించే పుస్తకం. అందులోనే, సంస్కృతం ద్రావిడ భాషల నుంచి తీసుకున్న మాటల జాబితా కూడా ఇచ్చారు. నీరం, మీనం అందులోవే. మన నీరు సంస్కృత 'నీర'కు వికృతి అని బడిలో నేర్చుకున్నవాళ్లం మనం. అప్పు ఇచ్చింది ఎవరో, పుచ్చుకుంది ఎవరో తారుమారైంది. ఆ జాబితా మొత్తాన్ని పండితులంతా ఒప్పుకోలేదు. జర్మన్ సంస్కృత పండితుడు పౌల్ థీమె గట్టిగానే విమర్శించారు. బరో కొన్నిచోట్ల చొరవ ఎక్కువ చేశారనే నాకూ అనిపిస్తుంది. కానీ నీరు, మీను లాంటివి గట్టివి.

సంస్కృతాన్ని లాటిన్‌తో పోల్చడానికి వాడే పద్ధతినే ఆయన లిపి లేని భాషలకూ పెట్టారు. ఆ మర్యాదే నాకు గొప్పగా తోస్తుంది. సుధీభూషణ్ భట్టాచార్యతో కలిసి బస్తర్‌లో పర్జీ భాష సేకరించి 1953లో, ఒడిశాలోని పెంగో భాష మీద 1970లో పుస్తకాలు వేశారు. నీలగిరుల్లో తోడ గిరిజనుల మధ్య పనిచేసి బర్క్‌లీలో స్థిరపడిన మరో సంస్కృత పండితుడు ఎమెనోతో కలిసి 1961లో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, అంటే ద్రావిడ భాషల మాటల పుట్టుక చూపే నిఘంటువు, తెచ్చారు. సవరించిన కూర్పు 1984లో వచ్చింది. చికాగో విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. ఇంట్లో పిల్లలతో ఒక సాయంత్రం వెతికి చూడండి. 'నీరు' ఉన్నచోట తమిళ నీర్, పర్జీ నీర్, కొలామీ ఈర్ అన్నీ ఒకే పంక్తిలో కూర్చుని ఉంటాయి. పెద్ద పీట ఎవరికీ లేదు.

ఇక మనవాళ్లకు మింగుడుపడని సంగతి ఒకటుంది. తెలుగుకు దగ్గర చుట్టం తమిళం కాదు. గోండి, కొండ (కొండదొరల భాష), కువి, కుయి, పెంగో, మండ అనే గిరిజన భాషలు. ఒంగోలులో పుట్టి పెన్సిల్వేనియాలో డాక్టరేటు చేసిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఈ సంగతిని తేటతెల్లం చేశారు. ఆయనే అరకు వైపు కొండదొరల భాషకు వ్యాకరణం రాసి 1969లో అచ్చువేశారు. మనకు ఏరు అంటే వాగు, గోండిలో ఏర్ అంటే నీళ్లు. అన్నదమ్ముల పిల్లలన్నమాట. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు అమెరికా అంతటా సభలు పెట్టుకున్నాం. ఆ సభల్లో నేను విన్న ఏ ఉపన్యాసంలోనూ ఈ చుట్టాల పేరు రాలేదు. రాజుల పేర్లు మాత్రం చాలానే వచ్చాయి.

మన మాటల్లో సంస్కృతం అంత ఉంది కదా అంటారు. ఉంది, ఉండనివ్వండి. ఇంగ్లీషు నిండా ఫ్రెంచి మాటలే, అయినా ఇంగ్లీషు ఫ్రెంచికి పుట్టలేదు. తెలుగు సంస్కృతజన్యం కాదని మద్రాసులో కంపెనీ అధికారి ఎల్లిస్ దొర 1816లోనే రాశారు. రెండొందల ఏళ్లు దాటినా వాట్సాప్ గ్రూపుల్లో మనకింకా అదే పంచాయితీ.

ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పుడే ప్రభుత్వం కొండ, కువి, కోయ, గోండి, కొలామీ పిల్లల కోసం వాళ్ల మాటల్లోనే, తెలుగు లిపిలో వాచకాలు వేయించింది. వాచకాలు ఒక్కటే సరిపోవు, ఇంట్లో చదువుకోవడానికి కథల పుస్తకాలు కావాలి. మన సంఘం వచ్చే మహాసభల బడ్జెట్‌లో సినిమా వాళ్ల విమాన టికెట్ల పక్కన ఇంకో పద్దు రాయమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. కొండ, కువి భాషల్లో బొమ్మల కథల పుస్తకాలకు అచ్చు ఖర్చు, అక్కడి టీచర్లకూ కథ చెప్పే పెద్దవాళ్లకూ పారితోషికం. పుస్తకంలో ఏం ఉండాలో వాళ్లే తేల్చుకోవాలి, మన లోగో వెనక అట్ట మీద చిన్నగా ఉంటే చాలు. అభ్యంతరం ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశంలో లేచి చెప్పండి, అక్కడే మాట్లాడుకుందాం.