పదకొండేళ్ల పిల్ల వాయించిన పాత బాణీకి కాపీరైట్ నోటీసా?

నిన్న రాత్రి నుంచి ఒళ్లు మండిపోతోంది. మా అమ్మాయి ఫిడేలు మీద 'టాస్ ద ఫెదర్స్' వాయిస్తే వీడియో పెట్టాను. రెండు నిమిషాలు కూడా ఉండదు. డబ్లిన్ వచ్చాక మూడు నెలలు కూర్చుని నేర్చుకుంది. గంట తిరక్కుండానే కాపీరైట్ నోటీసు! ఏదో రాక్ బ్యాండ్ రికార్డింగుతో సరిపోయిందట.

అది ఐర్లండ్ వాళ్ల పాత రీల్, అంటే వేగంగా సాగే నాట్య బాణీ. కట్టినవాళ్ల పేరు లేదు. ఇలాంటి 1,850 బాణీలను షికాగో పోలీస్ చీఫ్‌గా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లోనే పుస్తకంగా వేశాడు. ఐర్లండ్‌లోని కార్క్‌లో పుట్టినవాడు, అమెరికా వెళ్లినా ఊరి బాణీలు వదల్లేదు. అలా అందరి కోసం కూడబెట్టినదానికి ఇప్పుడు ఎవరో హక్కుదారులట!

రాక్ వాళ్లు వీటిని ముట్టుకోవద్దని నేననను. నాకు ఈ సంగీతం పరిచయమైందే వాళ్ల వల్ల. 1969లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ ఇదే రీల్ వాయించింది. అందులో డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలు వింటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1973లో ఐర్లండ్ రాక్ బ్యాండ్ హార్స్‌లిప్స్ 'డియర్గ్ డూమ్' పాటలో గిటార్ మోగించేది 'ఓనీల్స్ మార్చ్' అనే పాత బాణీయే. ఎంత బాగుంటుందో! కానీ తర్వాత వచ్చిన చాలామందికి స్పీడు ఒక్కటే కావాలి. రీల్‌లో ఒక స్వరాన్ని పైకీ కిందికీ తాకించి తిప్పుతారు, దాన్ని రోల్ అంటారు. మన గమకం లాగే బాణీకి ప్రాణం అదే. డ్రమ్ముల మోతలో మొదట పోయేదీ అదే. మా పాప ఆ ఒక్క రోల్ కోసం వారం రోజులు ఏడ్చింది.

ముత్తుస్వామి దీక్షితార్ 'వందే మీనాక్షి' నోటుస్వరం (పాశ్చాత్య బాణీకి రాసిన పాట) కట్టింది ఐర్లండ్ బాణీ 'రేక్స్ ఆఫ్ మ్యాలో' మీదే. ఆ బాణీ అటు వాళ్లకూ ఉంది, ఇటు మనకూ ఉంది. ఎవరి దగ్గరా ఏమీ తగ్గలేదు. రాక్ బ్యాండ్లు కూడా బాణీ పాతదని రాసి, తమ వాయిద్యాల కూర్పుకు డబ్బు తీసుకోవచ్చు. బాణీనే సొంతం చేసుకుంటే ఎలా?

మన దగ్గర మాత్రం? మా నాయనమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాట ఒక సినిమాలో వచ్చింది. రచన అని ఒకరి పేరు వేసుకున్నారు, జానపదం అన్న మాటే లేదు. నాయనమ్మ టీవీలో విని, "ఇది మన పాటే కదమ్మా, వీళ్లకెట్లా తెలిసింది?" అని మురిసిపోయింది. పేరు సంగతి నేను ఆమెకు చెప్పలేకపోయాను.