అంచనా కౌంట్ రేటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అంచనా కౌంట్ రేటు గారి సముఖానికి, సూర్యుడి అతినీలలోహిత స్పెక్ట్రాలు లెక్కగట్టే వాళ్లం నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

పరికరం సెకనుకు ఎన్ని ఫోటాన్లు (కాంతి కణాలు) పట్టుకుంటుందని ముందే వేసే లెక్కే కదా తమరు! పరిశీలనకు సమయం అడిగే ప్రతి ప్రపోజల్‌లోనూ తమరు దశాంశం తర్వాత రెండంకెలతో దర్జాగా కూర్చుంటున్నారు. సెకనుకు 69.26 ఫోటాన్లట! ఆ .26 ఎక్కడిదండీ? తమరి పుట్టుక మాకు తెలియనిదా! హినోడే ఉపగ్రహం మీది ఈఐఎస్ అనే స్పెక్ట్రోమీటర్, 195.12 ఆంగ్‌స్ట్రామ్‌ల ఐరన్ 12 గీత (పదకొండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము వెలువరించేది). రేడియన్స్, అంటే గీత ప్రకాశం, 1000 ఎర్గులు అనుకున్నారు, చదరపు సెంటీమీటరుకు, సెకనుకు, స్టెరేడియన్‌కు. ఆ 1000 ఎవరో చూసి చెప్పింది కాదు, గుండ్రంగా ఉందని పెట్టుకున్నది. ఒక్కో ఫోటాన్ శక్తి 1.018×10⁻¹⁰ ఎర్గులు. భాగిస్తే 9.8 లక్షల కోట్ల ఫోటాన్లు. చదరపు ఆర్క్‌సెకండ్ (ఆకాశంలో అతి చిన్న ముక్క) అంటే 2.35×10⁻¹¹ స్టెరేడియన్లు, గుణిస్తే 231. ఎఫెక్టివ్ ఏరియా, అంటే ఫోటాన్లను నిజంగా పట్టే వైశాల్యం, 0.3 చదరపు సెంటీమీటర్లు; దాంతోనూ గుణిస్తే 69.26. అదిగో, తమరు పుట్టారు.

ఆ 0.3లో అద్దం, గ్రేటింగ్, ఫిల్టర్లు, సీసీడీ (డిటెక్టర్) క్వాంటం ఎఫిషియెన్సీ అన్నీ కలిసే ఉంటాయి. అయినా ఎఫిషియెన్సీతో మళ్లీ గుణించి తమరిని సగానికి సగం చిక్కిపోయేలా చేసే పుణ్యాత్ములకు కొదవ లేదు. పైగా ఆ 0.3 పెళ్లిచూపుల ఫోటో లాంటిది, ప్రయోగానికి ముందు తీసింది. 2006 నుంచి కక్ష్యలో ఉన్న పరికరానికి సున్నితత్వం తగ్గింది, పొడవు తరంగాల ఛానెల్‌లో మరీనూ.

స్పెక్ట్రం గీతలు లెక్కగట్టే కియాంటి డేటాబేస్ దగ్గరా తమరి వేషాలు తక్కువేం కాదు. ఫోటోస్ఫియర్ (సూర్యుడి కనబడే ఉపరితలం) అబండెన్స్ ఫైలు, అంటే మూలకాల పాళ్ల పట్టిక, తీసి కరోనా (బయటి వాతావరణం) ఫైలు పెడితే చాలు, ఐరన్ గీతలు మూడు నాలుగు రెట్లు పెరుగుతాయి. 'ఆల్' మీట నొక్కితే సిద్ధాంతం మాత్రమే చెప్పిన గీతలు కూడా దిగుతాయి. వాటి తరంగదైర్ఘ్యాలు ఆంగ్‌స్ట్రామ్‌ల లెక్కన తప్పి ఉండొచ్చు. దాంతో లేని చోట బ్లెండ్ (రెండు గీతలు కలిసిపోవడం) కనబడుతుంది, ఉన్న చోట కనబడదు. హీలియం 304 గీత సంగతి అడగనే అక్కర్లేదు, అసలు సూర్యుడిలో అది లెక్కకంటే ఎన్నో రెట్లు ప్రకాశిస్తుంది. ఇక ఆదిత్య-ఎల్1 మీది సూట్ టెలిస్కోపు చూసే 280 నానోమీటర్ల మెగ్నీషియం గీతల జోలికి మాత్రం దయచేసి రాకండి. అవి ఆప్టికల్లీ థిక్, అంటే ఆ కాంతి దారిలోనే మళ్లీ మళ్లీ పీల్చబడుతుంది. అక్కడ ఆ పీల్పుడు, వెలువడటం అంతా లెక్కించే రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్ చేయాలి గానీ కియాంటి పప్పులుడకవు.

ఇంకొకటి. ఆ 69 మొత్తం గీతది. గీత వెడల్పు మూడు పిక్సెళ్లయితే శిఖరం పిక్సెల్‌కు దక్కేది 31 శాతం, అంటే 21. నాయిస్ కోసం డీఎన్‌కు (డిటెక్టర్ చివరికి ఇచ్చే అంకెకు) వర్గమూలం తీసేవాళ్లకు కాస్త గడ్డి పెట్టండి. 63.5 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ సిలికాన్‌లో ఒక్కటే 17 ఎలక్ట్రాన్లు వదులుతుంది. వర్గమూలం ఫోటాన్లకు, డీఎన్‌కు కాదు.

ఇకమీదట తమరి పక్కన మూడు ముక్కలు రాయించుకోండి: ఏ డీఈఎం (ఏ ఉష్ణోగ్రతలో ఎంత ప్లాస్మా ఉందనే లెక్క), ఏ అబండెన్స్ ఫైలు, ఏ నాటి ఎఫెక్టివ్ ఏరియా. సరిగ్గా తమరు చెప్పిన ఎక్స్‌పోజర్ నడుస్తుండగా ఫ్లేర్ వచ్చి, 16,383 దగ్గర డీఎన్ గోడకు కొట్టుకుని ఆగిపోయిన రోజున తమరు ఎక్కడ దొరుకుతారో, ఆ చిరునామా కూడా తెలియజేయగలరు.

ఇట్లు,
తమరిని నమ్మి పరిశీలనల టైమ్‌లైన్ వేసేవాళ్లు