ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు: మన టెన్షన్ ఒకచోట, రక్తపు గడ్డ మరోచోట

రక్తం గడ్డకట్టడం గురించి తెలుగిళ్లలో ఇంతగా మాట్లాడుకోవడం కొవిడ్ రోజుల్లోనే మొదలైంది. రక్తంలో గడ్డల ఆనవాలు చూసే, అప్పటిదాకా డాక్టర్లకే తెలిసిన డి-డైమర్ టెస్టు 2021 వేసవిలో చిన్న ఊళ్ల ల్యాబుల దాకా పాకింది. తర్వాత 2024లో ఇంకో వార్త వచ్చింది. మన దగ్గర కొవిషీల్డ్ పేరుతో వేసిన టీకా చాలా అరుదుగా రక్తపు గడ్డలకు దారితీయవచ్చని ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందన్నది ఆ వార్త. అది విన్నాక ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టలేదో! ఆ దుష్ఫలితం ఉన్న మాట నిజం. కానీ అది చాలా అరుదు, దాదాపుగా టీకా వేసుకున్న ఆరు వారాల లోపే బయటపడుతుంది. ఏళ్ల కిందట టీకా వేసుకున్నవాళ్లు ఇప్పుడు దానికి భయపడనక్కర్లేదు. యువతలో ఆకస్మిక మరణాలపై 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం కూడా టీకా వల్ల ఆ ముప్పు పెరిగినట్టు కనబడలేదని తేల్చింది.

నా బాధ వేరే. టీకా గురించి ఇంత కంగారు పడిన మనం, ఇంట్లో ఎవరికైనా మోకాలి ఆపరేషనో పెద్దాపరేషనో అయినప్పుడు ఈ గడ్డల గురించి డాక్టర్ని ఒక్క మాట అడగం. అసలు ముప్పు ఉండేది అక్కడే.

గుండెపోటునూ పక్షవాతాన్నీ తెచ్చే గడ్డలు ఎక్కువగా ధమనుల్లో, అంటే గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్లే నాళాల్లో పుడతాయి. బీపీ, షుగర్, సిగరెట్‌తో ముడిపడిన ఆ కథ అందరికీ ఎంతో కొంత తెలుసు. నేను చెప్పేది సిరల్లో, అంటే రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే నాళాల్లో కట్టే గడ్డ గురించి. అది చాలాసార్లు పిక్కలోనో తొడలోనో లోపలి సిరలో కడుతుంది. దాన్ని డాక్టర్లు డీవీటీ అంటారు. అందులోంచి ఒక ముక్క ఊడితే రక్తంతో పాటు గుండె దాటి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది. అది పల్మనరీ ఎంబాలిజం. గడ్డ పెద్దదైతే ఆస్పత్రికి చేరే వ్యవధి కూడా ఉండదు. అలా పోయినవాళ్ల గురించి ఊళ్లో ‘హార్ట్ ఎటాక్ వచ్చింది’ అనే చెప్పుకుంటారు. అసలు కారణం అక్కడితో మరుగున పడిపోతుంది.

గడ్డ ఎందుకు కడుతుందన్నది కొత్తగా తెలిసిందేమీ కాదు. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో వైద్య విద్యార్థులు మూడు కారణాలు చదువుకుంటారు: రక్తం కదలకుండా నిలవడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. పెద్ద ఆపరేషన్ ఈ మూడింటినీ ఒకేసారి తెచ్చిపెడుతుంది. మనం నడిచినప్పుడల్లా పిక్క కండరం సిరను పిండి రక్తాన్ని పైకి నెడుతుంది. మంచం మీద ఉన్న మనిషికి ఆ పని ఆగిపోతుంది. కోత పడినప్పుడు రక్తాన్ని ఆపడానికి ఒంట్లో గడ్డకట్టించే పదార్థాలు పెరుగుతాయి, అవి ఆ ఒక్క చోటికే పరిమితం కావు. క్యాన్సర్, ఊబకాయం, పెద్ద వయసు, ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా గడ్డలు వచ్చి ఉండటం తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

ప్రపంచంలో సిరల గడ్డల కేసుల్లో 60 శాతం దాకా ఆస్పత్రిలో ఉన్నప్పుడో, డిశ్చార్జి అయిన మూడు నెలల లోపో వస్తున్నవేనని అంచనా. అంటే ఎవరికి, ఎప్పుడు రావచ్చో చాలావరకు ముందే తెలుసు. ఇంత ముందుగా చెప్పగలిగే ప్రాణాంతక జబ్బులు తక్కువ. ఆపగలిగే మందులూ ఉన్నాయి. మరి వాడుతున్నామా? 32 దేశాల ఆస్పత్రుల్లో జరిగిన ఎండార్స్ అనే అధ్యయనం ఇదే ప్రశ్న వేసింది. ముప్పున్న రోగుల్లో సగం మందికి మాత్రమే సరైన నివారణ చికిత్స అందుతోందని తేలింది. అందులో మన దేశం వివరాలను హైదరాబాద్ నిమ్స్‌కు చెందిన రక్తనాళాల సర్జన్ పింజల రామకృష్ణ 2012లో ప్రచురించారు. పరిశీలించిన పది ఆస్పత్రుల్లో సగానికి పైగా రోగులకు ముప్పుంది, వాళ్లలో నివారణ అందింది 17 శాతం మందికే. ఇవి పాత లెక్కలే, ఇప్పుడు పెద్ద కార్పొరేట్ ఆస్పత్రుల్లో పరిస్థితి మెరుగుపడి ఉండొచ్చు. కానీ మనవాళ్లకు గడ్డలు రావు, అవి తెల్లవాళ్ల జబ్బు అనే నమ్మకం మన వైద్యుల్లోనూ చాలాకాలం ఉండేది. అది ఇంకా పూర్తిగా పోలేదు.

తెలుగు రాష్ట్రాలు అందరికంటే ముందు పట్టించుకోవాల్సింది కాన్పుల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇదే అత్యధికం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5 శాతం. అక్కర్లేని కోతల మీద, వాటి బిల్లుల మీద చాలా చర్చ జరిగింది. ఈ అంకెలకూ రక్తపు గడ్డలకూ ఉన్న లింకు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. కాన్పులో రక్తం ఎక్కువగా పోకుండా గర్భిణి రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. దానివల్ల గర్భంతో ఉన్నప్పుడు ముప్పు నాలుగైదు రెట్లు ఉంటుంది. కాన్పయ్యాక తగ్గాల్సింది పోయి ఇంకా పెరుగుతుంది. మొదటి వారాల్లో బాగా ఎక్కువగా ఉండి, ఆరు వారాలకు దిగివస్తుంది. సిజేరియన్ అయితే మామూలు కాన్పు కంటే మరికొన్ని రెట్లు ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద వెయ్యి కాన్పులకు ఒకటి రెండు కేసులే ఉండొచ్చు. కానీ ఏటా లక్షల కాన్పులు జరిగే మన దగ్గర ఆ ఒకటి రెండు ఎన్నవుతాయో ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు.

సరిగ్గా ఆ ఆరు వారాల్లో మనం బాలింతను ఎలా చూసుకుంటాం? చెవుల్లో దూది, తలకు గుడ్డ, తలుపులేసిన గది. కుట్లు పిగులుతాయని మంచం దిగనివ్వరు. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందనో, కుట్లు చీము పడతాయనో కాచిన నీళ్లు గ్లాసుతో కొలిచి ఇస్తారు. బిడ్డకు పాలిచ్చే తల్లికి దాహం మామూలు కంటే ఎక్కువే ఉంటుంది, అయినా అడగడానికి మొహమాటపడుతుంది. అమ్మమ్మలూ అత్తగార్లూ ఇదంతా ప్రేమతోనే చేస్తారు. పథ్యం అనే పద్ధతినే తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వేళకు వండిపెట్టే మనిషి, బిడ్డను ఎత్తుకునే చెయ్యి, కాస్త విశ్రాంతి ప్రతి బాలింతకూ కావాలి. కానీ మంచం దిగకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, పైన చెప్పిన రక్తపు గుణం ఒకేచోట కలిస్తే గడ్డకు అంతకు మించిన అవకాశం అక్కర్లేదు. సిజేరియన్ అయిన తల్లిని డాక్టర్ సరేనన్న వెంటనే, వీలైతే మర్నాటికల్లా, పట్టుకుని నాలుగడుగులు నడిపించాలి. దాహమైనన్ని నీళ్లు ఇవ్వాలి. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు.

మందుల సంగతి డాక్టర్ చూసుకోవాల్సింది. అత్యవసర సిజేరియన్ అయినవాళ్లకు, ముందే అనుకుని చేసిన ఆపరేషనే అయినా ఇతర ముప్పులున్నవాళ్లకు పది రోజుల పాటు రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ రకం ఇంజెక్షన్ ఇచ్చే విషయం ఆలోచించాలని బ్రిటన్ ప్రసూతి వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. బొడ్డు పక్కన చర్మం కింద వేసే చిన్న సూది అది. రక్తస్రావం భయం ఉన్నచోట వైద్యులు వెనకాడటం సబబే, అలాంటప్పుడు కాళ్లకు చుట్టి గాలితో నొక్కే పరికరాలు ఉన్నాయి. ఎవరికి ఏది అన్నది వైద్యులే తేల్చాలి, కానీ తేల్చడం మాత్రం జరగాలి.

గడ్డ కాళ్లలోనే కట్టాలని లేదు. మెదడు నుంచి రక్తం తెచ్చే సిరల్లోనూ కడుతుంది. నిమ్స్ న్యూరాలజీ వైద్యులు అలాంటి 428 మంది వివరాలను 2012లో ప్రచురించారు. వాళ్ల సగటు వయసు 31 చిల్లర. కారణాల్లో రక్తహీనత, మద్యం, గర్భనిరోధక మాత్రలు, కాన్పు అన్నీ ఉన్నాయి. కాన్పయిన కొద్ది రోజులకు విడవని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్ వస్తే దిష్టి అనో గాలి సోకిందనో ఆగకుండా నేరుగా న్యూరాలజీ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మాత్రల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తిరుపతి ప్రయాణమనో, వరలక్ష్మీ వ్రతమనో, పెళ్లనో నెలసరి వాయిదా వేసే బిళ్లలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం మన దగ్గర మామూలైపోయింది. వాటిలో ఎక్కువగా వాడే నోరెథిస్టెరాన్ ఒంట్లోకి వెళ్లాక కొంత భాగం ఈస్ట్రోజన్‌ అనే హార్మోన్‌గా మారుతుంది, అది గడ్డల ముప్పును పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి నాలుగు రోజులు వేసుకుంటే ముప్పు తక్కువే. బరువు ఎక్కువున్నవాళ్లు, ఇంట్లో గడ్డల చరిత్ర ఉన్నవాళ్లు, ఇప్పటికే కాలు వాచి ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా వాటి జోలికి పోకూడదు. ఇంట్లో పెద్దవాళ్లే ఈ బిళ్లలు తెచ్చి చేతిలో పెడుతుంటారు, ఇది వాళ్లకు తెలియాలి.

విమాన ప్రయాణం మీద ఉన్న భయం కొంత ఎక్కువే. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో ముప్పు రెండు మూడు రెట్లవుతుంది, అయినా ఆరోగ్యవంతుల్లో అది సుమారు ఆరు వేల మందిలో ఒకరికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అమెరికాలో కూతురి పురిటికి వెళ్లే అమ్మానాన్నలు మధ్యమధ్యలో లేచి నడిచి, నీళ్లు తాగుతూ, కూర్చున్నచోటే పాదాలు పైకీ కిందికీ ఆడిస్తే చాలు. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు టికెట్ తీసుకునే ముందే డాక్టర్ని అడగాలి.

గుర్తుపట్టడంలో మనం చేసే పెద్ద పొరపాటు మర్దన. ఒక కాలి పిక్క నొప్పి పుట్టి బిగుసుకోగానే నరం పట్టేసిందని నూనె రాసి తోముతాం. గడ్డ ఉన్న కాలిని నలిపితే అది ఊడే ప్రమాదం ఉంది. టైలర్ టేపు తీసుకుని, మోకాలి చిప్ప కింద తగిలే ఎముక బుడిపె నుంచి పది సెంటీమీటర్లు దిగి, రెండు పిక్కల చుట్టుకొలత చూడండి. ఒకటి మూడు సెంటీమీటర్లకు మించి లావుగా ఉంటే అది వైద్యులు కూడా లెక్కలోకి తీసుకునే గుర్తు. అంత తేడా లేకపోయినా, ఒక్క కాలే వాచి, వేడిగా, రంగు మారి ఉంటే సిరల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ చేయించాల్సిందే. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేయడమే.

గడ్డ ఉందని తేలితే కనీసం మూడు నెలలు మందులు వాడాలి. వార్ఫరిన్, ఎసిట్రోమ్ అనే పాత మందులు వాడేవాళ్లకు ఆకుకూరల సమస్య ఉంటుంది. వాటిలోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డుపడుతుంది. అలాగని గోంగూర, తోటకూర మానేయమని ఎవరూ చెప్పరు. వారంలో తినేది ఎప్పుడూ ఒకేలా ఉండాలి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ టెస్టు తప్పకూడదు. కొత్త మందులకు ఈ ఇబ్బంది లేదు. ఏ మందైనా వాపు తగ్గింది కదా అని మనంతట మనం ఆపేయకూడదు.

ఇళ్లలో ఎంత జాగ్రత్తపడినా ఆస్పత్రి తన పని చేయకపోతే లాభం లేదు. ఇంగ్లండ్‌లో ఆస్పత్రి గడ్డల వల్ల ఏటా 25,000 మంది చనిపోతున్నారని, వాటిని ఆపవచ్చని 2005లో పార్లమెంటు కమిటీ అంచనా వేసింది. 2010 నుంచి అక్కడ చేరిన పెద్దవాళ్లందరికీ గడ్డల ముప్పు లెక్కగట్టి రాయడం తప్పనిసరి చేశారు, నిధులను దానితో ముడిపెట్టారు. కొన్నేళ్లలోనే 90 శాతానికి పైగా రోగులకు అలా ముప్పు లెక్కగట్టడం మొదలైంది. దీనికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు, ఆ ముప్పు రాసుకునే ఒక పేజీ చాలు.

అదే పేజీని ఇక్కడ తేవడం మన ప్రభుత్వాల చేతిలో పని. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్‌కు అనుమతి కావాలంటే ఆస్పత్రులు ఇప్పటికే రిపోర్టులు అప్‌లోడ్ చేస్తున్నాయి. గడ్డల ముప్పు పత్రం లేనిదే బిల్లు ఇవ్వమంటే మూడు నెలల్లో పరిస్థితి మారుతుంది. ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో ప్రతి సిజేరియన్ కేసు షీటుకూ అదే నిబంధన పెట్టాలి. చాలాచోట్ల డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లీషులో మందుల పేర్లు, మళ్లీ రావాల్సిన తేదీ మాత్రమే ఉంటాయి. ఎప్పుడు నడవాలి, ఇంజెక్షన్ ఎన్ని రోజులు, కాలు వాచినా ఆయాసం వచ్చినా రాత్రిపూటైనా ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి తెలుగులో అచ్చువేసి ఆ కాగితానికి జతచేయాలి.