క్లోరిన్ లేని కొలను

న్యూజెర్సీలో వసంతం వచ్చిందని తెలియడానికి చెర్రీలు పూయనక్కరలేదు. ఎడిసన్ పరిసరాల్లో మనవాళ్ళెవరో భోజనానికి పిలిచి, కంచాలు పెట్టకముందే పెరట్లోకి నడిపించి, "మాది ఉప్పునీటి ఈతకొలనండీ, క్లోరిన్ ఉండదు" అన్నారంటే వచ్చేసినట్టే.

క్లోరిన్ ఉండదట! పోసిన ఉప్పు సోడియం క్లోరైడ్. పంపు పక్కన బిగించిన యంత్రం అందులోకి కరెంటు పంపి పొద్దస్తమానం తయారుచేసేది క్రిములను చంపే ఆ క్లోరిన్‌నే. "మేం నెయ్యి ముట్టం, వెన్న తెచ్చి ఇంట్లోనే కాచుకుంటాం" అన్నట్టుంది. ఇక సముద్రస్నానం పుణ్యమంటారా, సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు, ఇక్కడ 3 గ్రాములకు కాస్త పైన. పుణ్యం కూడా ఆ లెక్కనే జమ అవుతుంది.

వేసవికి కొలను తెరిచే ఆ ప్రారంభోత్సవం చూసి తీరాలి. ఇంటాయన, అంటే మన అన్నగారు, చలికాలమంతా కొలను మీద పరిచి ఉంచిన పట్టా లాగుతారు. దాని మీద కుళ్ళిన ఆకులూ మంచు కరిగిన నీళ్ళూ సగం కొలనులోకే జారతాయి. అడుగున గోంగూర రంగు. అతిథులు ముక్కులు మూసుకుని "బాగుందండీ" అంటారు. నీటిని పరీక్షించకుండానే అన్నగారు 18 కిలోల ఉప్పు సంచులు ఒకదాని వెనక ఒకటి కోసి గుమ్మరిస్తారు. ఉప్పు ఆవిరైపోదనీ, నీళ్ళు తోడేసినప్పుడు పోయినంతే పోతుందనీ, ఎక్కువైతే మళ్ళీ తోడి పారబోయడమే దారనీ ఎవరు చెప్పాలి? అప్పటికే వదినగారు ఫోను పట్టుకుని ఫొటోలు తీస్తున్నారు. మీట నొక్కగానే యంత్రం మీద ఎర్రదీపం: నీరు చల్లగా ఉంది, పనిచేయను. 15 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ చాలా యంత్రాలు కదలవు మరి. అందుకే గ్యారేజీలో, బియ్యం బస్తాల వెనక, ద్రవ క్లోరిన్ డబ్బాలు. అవి అతిథులు వెళ్ళాక పోస్తారు.

యంత్రం కదిలాక మరో తంతు. దాని పని వల్ల నీటి పీహెచ్, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, పెరుగుతూ పోతుంది. 7.5 దగ్గరకు దించడానికి వేసవి పొడుగునా మ్యూరియాటిక్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పోస్తూ ఉండాలి.

పోసేది అన్నగారు కాదు. కూలికి వచ్చిన కుర్రవాడు. చేతులకు తొడుగులు లేవు, కళ్ళకు అద్దాలు లేవు. మూత తీయగానే లేచిన పొగకు మొహం పక్కకు తిప్పి, దగ్గుతూ, చొక్కా అంచుతో ముక్కు మూసుకుని వంచాడు. నాలుగడుగుల దూరంలో అన్నగారు మాకు పకోడీలు అందిస్తూ, "రసాయనాలే ఉండవండీ, చర్మానికి ఏమీ కాదు" అంటున్నారు.

ఎవరి చర్మానికండీ? ఉప్పుకూ యంత్రానికీ ఫొటోలకూ ఉన్న డబ్బు ఒక జత తొడుగులకు లేకపోయిందా? సిగ్గుండాలి. కొనివ్వండి, లేదా వచ్చే వారం ఆ డబ్బా మీరే ఎత్తండి. ఎలాగూ రసాయనం కాదు కదా!