మహారాజశ్రీ ఎక్స్-షోరూం ధర గారి సముఖమునకు

విజయనగరం, దాసన్నపేట.

రోడ్డు పన్నూ, రిజిస్ట్రేషనూ, బీమా కలపకముందు కారుకు చెప్పే ధర అయిన మహారాజశ్రీ ఎక్స్-షోరూం ధర గారికి, నెలజీతం మీద బతుకుతున్న ఒక ఆడపిల్ల నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమము. తమరు మయూరి జంక్షన్ హోర్డింగు మీదా, పత్రిక మొదటి పేజీ మీదా, ఫోను తెరిస్తే ఫోనులోనూ నిత్యం కళకళలాడుతూ దర్శనమిస్తున్నారు గనుక తమ క్షేమం వేరే అడగనక్కర్లేదని తలుస్తాను. రాజుల ఊరిదాన్ని కాబట్టి మర్యాదకు లోటు రానివ్వను. చెప్పవలసిన మాట మాత్రం చెప్పకుండా వదలను.

నాకు ఇరవై అయిదేళ్లు. చీపురుపల్లిలో ఒక కంపెనీ ఆఫీసులో లెక్కలు చూస్తాను. కోతలన్నీ పోగా నెలకు చేతికి వచ్చేది 38 వేలు. లెక్కలు చూసే మనిషినై ఉండి కూడా తమ మాట నమ్మానంటే, అందులో తమ నేర్పు ఎంత ఉందో నా ఆశ కూడా అంతే ఉందని ముందుగానే ఒప్పుకుంటున్నాను. ఉదయం రైలు తప్పితే బస్సు, బస్సులో చోటు దొరక్కపోతే గరివిడి దాకా కడ్డీ పట్టుకుని నిలబడడం, ఇదీ మూడేళ్లుగా నా ప్రయాణం. అందుకే లెర్నింగ్ లైసెన్సు తీసుకుని, తప్పనిసరి ముప్పై రోజుల గడువు తీరీతీరగానే పరీక్షకు హాజరై, ఆ కార్డు పర్సులో పెట్టుకున్న నాటి నుంచి గంటస్తంభం దగ్గర ఆగిన ప్రతి కారునూ మేనరికం సంబంధాన్ని చూసినట్టు చూడడం అలవాటైంది.

అదే అదనుగా తమరు వేంచేశారు. 2025 సెప్టెంబరు 22న, సరిగ్గా దసరా నవరాత్రులు మొదలైన రోజున, పొడవు నాలుగు మీటర్లు, ఇంజను 1200 సీసీ దాటని పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది, దాని నెత్తిన ఉండే సెస్సు కూడా పోయింది. ఉపవాసం ఉన్నవారిలా తమరు ఒక్కసారిగా సన్నబడి, ‘5.49 లక్షల నుంచి’ అంటూ పత్రికలో నిండు పేజీ ఆక్రమించారు. తమ పక్కన చీమ తలకాయంత నక్షత్రం గుర్తు ఒకటి ఉన్నదనీ, ఆ ‘నుంచి’ అనే రెండక్షరాల మాటలో రెండున్నర లక్షల రూపాయలు దాగి ఉన్నాయనీ అప్పటికి నాకు తెలియదు.

మా ఇళ్లలో పెళ్లిచూపులకు అబ్బాయి ఒక్కడే వచ్చి, తనకు ముందూ వెనుకా ఎవరూ లేరనీ, కట్నం మాటే ఎత్తననీ అంటే పెద్దవాళ్లు ముందుగా అనుమానించేది ఆ అబ్బాయినే. తమరు అచ్చంగా అలాగే ఒంటరిగా వచ్చారు. చీటీ పాడుకోగా వచ్చిన రెండు లక్షలు బ్యాంకులో ఉన్నాయన్న ధీమాతో నేను మా నాన్నగారిని వెంటబెట్టుకుని షోరూంకి వెళ్లాను. అక్కడ కుర్చీ వేసి, టీ ఇచ్చి, ముందుగా ఆ 5.49 లక్షల రకం స్టాకు లేదనీ, వచ్చినా అందులో వెనక అద్దాలు చేత్తో తిప్పుకోవాలనీ ఎంతో విచారంగా తెలియజేశారు. తరవాత 6,40,000 రూపాయల రకాన్ని చూపించి, కొటేషన్ కాగితం ముద్రించి చేతిలో పెట్టారు. ఆ కాగితం మీద తమ వెనకాల బస్సెడు బంధువులు దిగారు.

వారిలో పెద్దమనిషి లైఫ్ ట్యాక్స్, 90 వేలకు కాస్త తక్కువ. ఆయన ప్రభుత్వం తరఫు చుట్టం, ఆయన దగ్గర బేరానికి తావు లేదు, నాకు ఆయనతో పేచీ కూడా లేదు. తమరు తగ్గితే తానూ ఆ మేరకు తగ్గే న్యాయం ఆయన ఒక్కరి దగ్గరే కనిపించింది. రిజిస్ట్రేషన్ ఫీజు 600 రూపాయలు. ఆ కారును అప్పు చేసి కొన్నానని ఆర్సీలో రాయించడానికి ఫీజు 1,500. కారును నా పేరున రాయడం కన్నా అప్పును నా పేరున రాయడం రెండున్నర రెట్లు కష్టమైన పని అన్నమాట.

తరవాతి వరస బీమా, 34 వేలు. సుప్రీంకోర్టు ఆదేశం తరవాత 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి చేసే బీమా, ఒకేసారి కట్టాలి. 1000 నుంచి 1500 సీసీ లోపు కార్లకు అది 10,640 రూపాయలు, ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే రేటు, జీఎస్టీ సంగతి వేరు. మరి మిగతా సొమ్ము సంగతేమిటని అడిగితే మన బండికి జరిగే నష్టం, విడిభాగాల తరుగు కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్, తాళం పోతే తాళం, ఇంజనులోకి నీళ్లు వస్తే నీళ్లు అని వరసగా చదివారు. అదే బీమా, అవే రక్షణలు, కారుకు అదే విలువ కట్టి బయట అడిగితే 27 వేలన్నారు. బయట తీసుకుంటే క్లెయిము నాడు ఇబ్బంది పడతారని తమ మనుషులు భయపెట్టారు. బీమా ఎక్కడ కొనుక్కోవాలన్నది కొనేవాళ్ల ఇష్టమని నియమం ఉన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక ఆడపడుచు లాంఛనాలు. యాక్సెసరీల కిట్టు 18,500. అందులో మ్యాట్లు, మడ్‌ఫ్లాపులు, సీటు కవర్లు, స్టీరింగు కవరు, ఒక సెంటు సీసా, డాష్‌బోర్డు మీద తల ఊపే వినాయకుడు. విఘ్నాలు తొలగించే స్వామిని తీసుకొచ్చి బిల్లులో విఘ్నంగా కూర్చోబెట్టిన ఘనత తమ పరివారానిదే. పొడిగించిన వారంటీ 14 వేలు, ఫాస్టాగ్ 600, ఆఖరున ‘హ్యాండ్లింగ్’ పేరుతో 6,500. ఈ హ్యాండ్లింగ్ అంటే ఏమిటని మా నాన్నగారు అడిగారు. కారును యార్డు నుంచి షోరూం ముందుకు తెచ్చే ఖర్చట.

“పాలకొండ బస్సు ముప్పై ఒక్క ఏళ్లు నడిపినాను బాబూ, డిపోలోంచి కాంప్లెక్సుకి తెచ్చినందుకు నాకెవులూ ఆరు వేలు ఇవ్వలేదు” అన్నారాయన.

ఆ మాటతో హ్యాండ్లింగ్ వరస కాగితం మీద నుంచి మాయమైంది. ఎవరి సంతకమూ, ఎవరి అనుమతీ అవసరం రాలేదు. అడిగితే పోయే ఖర్చు అడగకముందు ఎందుకు ఉండాలో తమరే సెలవివ్వాలి.

కూడికలో తేడా రాకుండా రెండుసార్లు చూశాను. హ్యాండ్లింగ్ తీసేయక ముందు మొత్తం 8 లక్షల 5 వేలు దాటింది. మా నాన్నగారు కళ్లద్దాలు సవరించుకుని, కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, “ఏటమ్మా, అయిదున్నర అని కదా బయల్దేరదీసినావు” అన్నారు. నా దగ్గర సమాధానం లేకపోయింది. తమరు మాత్రం ఆ కాగితం మొదటి వరసలో, ఏ పాపమూ ఎరుగనట్టు కూర్చుని ఉన్నారు.

ఆర్టీసీలో బతికిన మనిషికి ధర కన్నా టైరు ముఖ్యం. తక్షణం ఇస్తామన్న బండిని చూపించగానే ఆయన తలుపు తీయలేదు, సీటులో కూర్చోలేదు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, భుజం మీది తువ్వాలుతో టైరు పక్కభాగాన్ని తుడిచి, అక్కడ అచ్చుపోసిన నాలుగంకెలను వేలితో తడిమి చదివారు: 4824. అంటే 2024వ సంవత్సరంలో నలభై ఎనిమిదో వారంలో తయారైన టైరు. మిగిలిన మూడు చక్రాలూ అదే మాట చెప్పాయి. మేము వెళ్లింది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిన మరుసటి వారం, 2025 అక్టోబరు. టైరు మాత్రమే పాతదండీ, బండి కొత్తదేనండీ అన్నాడు సేల్స్ అబ్బాయి. “టైరు ముందు పుట్టి, పది నెలలకి బండి పుట్టిందా?” అని ఆయన నిదానంగా అడిగేసరికి పుస్తకం తెరవక తప్పలేదు. తయారైన నెల 2024 డిసెంబరు. అది ఆర్సీలో ఎక్కుతుంది, రేపు అమ్మబోతే కొనేవాడు ముందుగా చూసేదీ ఆ సంవత్సరాన్నే. పది నెలలు ఎండకూ వానకూ నానిన బండికీ, నిన్న దిగిన బండికీ తమరు ఒకటే అంకె. వయసుతో నిమిత్తం లేకుండా ఒకటే కట్నం అడిగే వరుణ్ణి నేను ఇంతకుముందు చూడలేదు.

సన్‌రూఫ్ గురించి ఆ అబ్బాయి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మే నెలలో విజయనగరంలో నెత్తి మీద కిటికీ తెరుచుకుని తిరిగేవారెవరో నాకు తెలియదు. ఎయిర్‌బ్యాగులు ఎన్ని, కారు గుద్దుకుంటే లోపలివారు ఎంత భద్రమో చూసే, 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ బండికి ఎన్ని నక్షత్రాలు వచ్చాయి అని అడిగితే కనుక్కుని ఫోన్ చేస్తానన్నాడు. ఇంకా చేయలేదు.

తమ మహత్యం అంతటితో అయిపోలేదు. 8 లక్షలు అనగానే నా మొహం వాడిపోవడం గమనించి, తమ ఆస్థానంలోని లోను విద్వాంసుణ్ణి పిలిచారు. రెండు లక్షలు నేను పెట్టుకుంటే ఆరు లక్షలు అప్పు, 9 శాతం వడ్డీ, ఏడేళ్లకు తీసుకుంటే నెలకు 9,653 రూపాయలేనండీ అన్నాడాయన. అయిదేళ్లకైతే ఎంత అంటే, 12,455, మీకు భారమవుతుందండీ అన్నాడు. నా భారం మీద ఆయనకున్న దయకు కళ్లు చెమర్చాయి గాని, లెక్కలు చూసే అలవాటు మళ్లీ అడ్డం వచ్చింది. ఏడేళ్లకు వడ్డీయే 2 లక్షల 11 వేలు, అయిదేళ్లకు లక్షా 47 వేలు. నెలకు 2,800 తేలిక చేసినందుకు నేను చెల్లించుకునే కృతజ్ఞత 63 వేల చిల్లర. పైగా ఆరో ఏడూ ఏడో ఏడూ నేను వాయిదా కడుతూ ఉండేది సగం ధరకు కూడా కొనేవాడు దొరకని బండికి.

ఇక మైలేజి. లీటరుకు 24 కిలోమీటర్లు అని కరపత్రంలో రాశారు. ఆ అంకెను కారు రోడ్డు మీద తెచ్చుకోలేదు. పరీక్షశాలలో రోలర్ల మీద చక్రాలు తిరుగుతుండగా, ముందే నిర్ణయించిన వేగాలతో తెచ్చుకున్న అంకె అది. ఆ రోలర్ల మీద నెల్లిమర్ల మలుపులో అడ్డం వచ్చే గేదె ఉండదు, గుర్ల దగ్గర ఇసుక లారీ వెనక రెండో గేరులో పాకడం ఉండదు, ఏసీ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా వీధిలో అదే కారు నడిపే ఒక మాస్టారుగారిని అడిగితే పదహారు వస్తే గొప్ప అన్నారు. నేను రోజుకు వెళ్లిరావడం అరవై కిలోమీటర్లు, నెలకు ఇరవై నాలుగు రోజులు, మొత్తం 1,440 కిలోమీటర్లు. కరపత్రం ప్రకారం 60 లీటర్లు, మాస్టారి ప్రకారం 90. లీటరు 110 రూపాయలకు అటూ ఇటూగా ఉన్న మా జిల్లాలో ఆ రెంటి మధ్య తేడా నెలకు 3,300. (ఇచ్ఛాపురంలో ఉన్న మా పెదనాన్న కొడుక్కి ఈ బాధ లేదు. అతను సరిహద్దు దాటి ఒడిశా బంకులో ట్యాంకు నింపుకుని వచ్చి, సంక్రాంతికి మాకు ఆ తేడా చెప్పి ఏడిపిస్తాడు.) అంటే ఏడేళ్ల వాయిదా 9,653, పెట్రోలు 9,900. ఒక కారు కొంటే రెండు వాయిదాలు కట్టాలన్న సంగతి లోను విద్వాంసుడు చెప్పలేదు, తమరూ చెప్పలేదు. మరుసటి ఏడాది బీమా, సర్వీసు, అరిగే టైర్లు, గేటు స్తంభానికి రాసుకున్న మొదటి గీత, ఇవన్నీ ఆ పైన.

పాత కారు చూడమన్నవాళ్లు ఉన్నారు. మా మావయ్య దగ్గర ‘ఏపీ 35’ నంబరుది ఒకటి ఉంది. 2019 నుంచి రాష్ట్రమంతా ‘ఏపీ 39’ వరస వచ్చాక మా జిల్లా నంబరు కొత్త బండికి దొరకదు గనుక, ఆ ప్లేటు కోసమే ధర ఎక్కువ చెబుతున్నాడాయన. అభిమానానికి ఈఎంఐ కట్టే స్తోమత నాకు లేదు.

ఆ రాత్రి మా నాన్నగారు భోజనం చేసి, తమ కొటేషన్ కాగితాన్ని వెనక్కి తిప్పి, పెన్సిలుతో ట్రిప్పు షీటు రాసినట్టు రాసుకుంటూ వచ్చారు. కిట్టు కొట్టేశారు. మ్యాట్లు బజారులో కొంటామన్నారు. వారంటీని అసలు గడువు తీరేలోగా ఎప్పుడైనా పొడిగించుకోవచ్చు గనుక అదీ కొట్టేశారు. బీమా బయట. మొత్తం 7 లక్షల 60 వేలకు దిగింది. రెండు లక్షలు పోగా 5 లక్షల 60 వేలు అప్పు, అయిదేళ్లు, నెలకు 11,600 చిల్లర. పెట్రోలు దగ్గర ఆయన పెన్సిలు ఆగిపోయింది. నెల్లిమర్ల నుంచి నాతో పాటు రైలెక్కే ఇద్దరు సహోద్యోగులు ఉన్నారు, ముగ్గురం పెట్రోలు పంచుకుంటే 3,300 అవుతుంది అన్నాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపు చూసి, “సరే, 2025లో తయారైన బండయితేనే” అని కింద గీత గీశారు.

కాబట్టి మహాశయా, వచ్చే శనివారం ఉదయం పది గంటలకు మేము మళ్లీ వస్తున్నాము. ఈసారి తమరు ఒంటరిగా ఎదురురావద్దనీ, తమ ఇంటిల్లిపాదినీ వయసులతో సహా ఒకే కాగితం మీద, ఒకేసారి కూర్చోబెట్టి చూపించవలసిందనీ ప్రార్థన. మా నాన్నగారి జేబులో పెన్సిలు ఉంటుంది.

ఇట్లు,
తమ కోసం రెండేళ్లు చీటీ కట్టిన
ఒక దాసన్నపేట ఆడపిల్ల

తా.క.: బండిని పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర పూజ చేయించి తీసుకువెళతాము. చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు నాలుగూ మా పెరట్లో కాసినవే ఉన్నాయి. దయచేసి వాటిని ‘పూజా కిట్టు’ పేరుతో బిల్లులో వేయవద్దు.