అడ్డపొగ ఊళ్లకు టార్చిలైటు ఎప్పుడు?

విశాఖలో క్యాన్సర్ వైద్యం మాటెత్తితే చర్చంతా మెషీన్లు, బెడ్ల మీదికి పోతుంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ బాబా ఆస్పత్రి ఉంది, ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్ ఉంది, ప్రైవేటు ఆస్పత్రులకూ కొదవ లేదు. అన్నీ కావాల్సినవే. అయినా ఉత్తరాంధ్రలో క్యాన్సర్ చావులు తగ్గాలంటే ముందుగా డబ్బు పెట్టాల్సింది ఊళ్లలోని ఆరోగ్య ఉపకేంద్రంలో, అంటే సబ్‌సెంటర్‌లో, పనిచేసే నర్సు ఏఎన్‌ఎం మీద.

అడ్డపొగ సంగతే చూడండి. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఈ అలవాటు తీరం వెంబడి ఊళ్లలో, ముఖ్యంగా వయసు మళ్లిన ఆడవాళ్లలో ఉంది. గాలికి నిప్పు ఆరదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, చేతిలో పని ఆపక్కర్లేదు. కానీ ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. మొదట అంగిలి తెల్లబారుతుంది, మధ్యమధ్య ఎర్ర చుక్కలు లేస్తాయి. నొప్పి ఉండదు. నొప్పి లేనిదాన్ని మన అమ్మమ్మలు రోగమని ఒప్పుకోరు. పుండు పడి ముద్ద దిగనప్పుడే బస్సెక్కి విశాఖ వస్తారు. అప్పటికి అంగిలిలో కొంత భాగం కోసి తీసేయాల్సి వస్తుంది. ఆ రంధ్రానికి అడ్డుగా ప్లేటు అమర్చకపోతే తాగిన గంజి ముక్కులోంచి వచ్చేస్తుంది, మాట ఎదుటివాళ్లకు అర్థం కాదు.

ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని మన ఆంధ్రా మెడికల్ కాలేజీ వైద్యులు 1950ల్లోనే రాశారు. ఇన్ని దశాబ్దాలుగా తెలిసిన జబ్బు ఇంకా ముదిరాకే ఆస్పత్రికి వస్తోందంటే ఆ తప్పు రోగిది ఎలా అవుతుంది?

దీనికి మందు కూడా ఎప్పుడో తేలింది. తిరువనంతపురంలో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో ఫలితాలు వచ్చాయి. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్లు సుమారు లక్షన్నర మంది మహిళలతో చేసిన అధ్యయనంలో, ఎసిటిక్ ఆమ్లం రాసి గర్భాశయ ముఖద్వారాన్ని కంటితో చూసే పరీక్షతో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ఆ పరీక్ష చేసిందీ శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే.

ఇంటింటి స్క్రీనింగ్ ఉంది కదా అంటారు. నిజమే, 30 దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని 2016 నుంచీ కేంద్ర మార్గదర్శకాలున్నాయి. కానీ గుమ్మంలో నిలబడి ‘నోట్లో పుండుందా?’ అని అడిగి, ట్యాబ్‌లో ‘లేదు’ నొక్కితే అది పరీక్ష ఎలా అవుతుంది? నోరు తెరిపించాలి, కట్టుడు పళ్లుంటే తీయించాలి, టార్చి వేసి అంగిలి చూడాలి.

అసలు మన ప్రజారోగ్యానికి పట్టిన రోగం ఇదే. శిలాఫలకం పడే పనికి నిధులొస్తాయి. గర్భిణుల లెక్కలు, టీకాలు, జ్వరాల సర్వేలు, యాప్‌లు అన్నీ మోసే ఆశా కార్యకర్తకు మాత్రం ఇప్పటికీ జీతం లేదు, ఇచ్చేది గౌరవ వేతనం. ఆడవాళ్లు చేసే పని కాబట్టే దాన్ని సేవ అని పొగిడి సరిపెడుతున్నాం. ఈ చిన్నచూపు పోకుండా ఏ స్క్రీనింగూ నిలబడదు.

మచ్చ కనబడిన మనిషి ఏ రోజు, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో సబ్‌సెంటర్‌లోనే రాసివ్వాలి, దారి ఖర్చులూ చేతికివ్వాలి. వచ్చారో లేదో ఏఎన్‌ఎంకు తిరిగి కబురు అందాలి. ఏ మండలం నుంచి ఎంతమంది, ఏ స్టేజీలో ఆస్పత్రికి చేరారో ఏటా ప్రకటించాలి. కొత్త బ్లాకు ప్రారంభానికి వచ్చే మంత్రిని విలేకరులు ముందుగా ఆ లెక్క అడగాలి.